చీరలో చుట్టిన తుపాకి

కదిరప్ప తుపాకి తండ్రి కాలం నుంచి ఇంట్లో ఉన్నా, ఇన్నేళ్లలో ఒక్క ప్రాణి ఉసురు పోసుకోలేదు. ఒంటిగొట్టం తుపాకి అది. పంటరక్షణ కోసమని సర్కారు లైసెన్సు ఇచ్చింది. ఆకాశంలోకి పేలడం దాని ఉద్యోగం. ఆ చప్పుడుకు గుట్టమీది అడవిపందులు కదిరప్ప శనక్కాయ చేను వదిలి పక్కనున్న తిప్పేస్వామి చేనులోకి పోయేవి. తిప్పేస్వామికీ ఒక తుపాకి ఉంది. ఆయన పేల్చగానే పందులు మళ్లీ కదిరప్ప చేనుకు వచ్చేవి. మొత్తానికి గుట్టకిందపల్లిలో పందులకు కాలు నిలిచేది కాదు, కడుపు నిండేది కాదు. రైతులకు ఏటా నాలుగు మూటలు మిగిలేవి.

ఎండాకాలంలో ఎన్నికలొచ్చాయి. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ అప్పగించాలి, అయిపోయాక తెచ్చుకోవాలి. ఇది పాత రివాజే. కదిరప్ప ఎప్పటిలాగే తన తుపాకిని పట్నంలో ఫక్రుద్దీన్ సాయిబు అంగట్లో పెట్టి వచ్చాడు. బస్సులో జనం బెదరకుండా, దండెం మీద చేతికందిన చీర ఒకటి లాగి దానికి చుట్టుకుపోయాడు. కనకాంబరం రంగు చీర, పచ్చంచు. ఈ చీరతో మనకు ముందుముందు పని ఉంది. ఆయన భార్య అంజినమ్మ ఆ చీర కోసం ఇల్లంతా వెతికి, చివరికి పొరుగింటి మేక తినిందని తీర్మానించి, ఆ ఇంటావిడతో మాటలు మానేసింది. కదిరప్ప నోరు విప్పలేదు. మేకకు నోరు లేదు.

ఫక్రుద్దీన్ సాయిబు అంగడి జిల్లాకంతా ఒక్కటే. తాత పెట్టిన అంగడి. అందులో తుపాకుల కంటే బెంచీలు ఎక్కువ. తుపాకి కొనడానికి వచ్చినా, దాచింది తీసుకోవడానికి వచ్చినా, సాయిబు ముందు కూర్చోబెట్టి టీ తెప్పిస్తాడు. లైసెన్సు చూస్తాడు. ఇంట్లో అందరూ బాగున్నారా అంటాడు. వానలెట్లున్నాయి అంటాడు. గ్లాసు ఖాళీ అయ్యేవేళకు, ఏమీ ఎరగనట్టు, "ఎవరితోనన్నా తగాదా ఉందా?" అంటాడు. ఉందని చెప్పినా, లేదని చెబుతూ చూపు పక్కకు తిప్పినా ఆ రోజుకు తుపాకి బయటికి రాదు. "వారం ఆగి రా" అనేస్తాడు. గట్టు తగాదా రోజుల్లో కదిరప్పను ఇలాగే మూడుసార్లు టీ తాగించి ఉత్తచేతులతో పంపాడు. నాలుగోసారికి కదిరప్పకూ తిప్పేస్వామికీ రాజీ కుదిరింది. లైసెన్సులిచ్చే ఆఫీసు ఆ మూడుసార్లూ లేదు, రాజీ రోజునా లేదు.

వినాయకచవితి వెళ్లింది. శనక్కాయలో కాయ ఊరుతోంది. పందులు గుట్ట దిగాయి. రెండు రాత్రుల్లో తూర్పు వైపు నాలుగు సాళ్లు దున్నేసినట్టు చేశాయి. డబ్బాలు కొట్టారు, దివిటీలు పెట్టారు, పాత చొక్కాల బొమ్మలు నిలబెట్టారు. ఒక పంది ఆ బొమ్మకు ఒళ్లు రుద్దుకుని మరీ పోయింది. కదిరప్పకు ఆ చేను తప్ప వేరే ఆధారం లేదు. ఈ పంట ఇల్లు చేరకపోతే వచ్చే ఏడు విత్తనానికి కూడా చేయి చాపాలి. పొద్దున్నే మొదటి బస్సెక్కి సాయిబు అంగడికి పోయాడు.

అంగడి తలుపుకు సర్కారు సీలు ఉంది. సాయిబు బయట బెంచీమీద, తన అంగటికి తానే బేరగాడిలాగా కూర్చుని ఉన్నాడు.

"రా కదిరప్పా, కూచో. టీ చెప్తా."

"టీకేముందిలే సాయిబూ. పందులు చేను తినేస్తాండాయి. తుపాకి ఇయ్యి."

"నీ తుపాకి లోపలుండాది, నువ్వు బయటుండావు," అన్నాడు సాయిబు. "మద్దెలో ఇంటర్నెట్టు ఉండాది. కొత్త రూలు వచ్చినాది. అంగట్లో తుపాకి చేతికిచ్చేది మంచిది కాదంట. ఇంగమీద అన్నీ ఆన్‌లైన్ యేలంలోనే."

"నేను కొనేకి రాలేదు గదా. నాది నాకియ్యమంటాండా."

"నేనూ అదే చెప్పినా. ఆఫీసుకు పోయి కనుక్కో అన్నారు. ఇన్నేండ్లుగా అందరికీ నేను టీ తాగిస్తి. నన్ను ఆ ఆఫీసులో కూచోమన్నోడు లేడు," అన్నాడు సాయిబు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన తలుపు సీలు వైపు చూడలేకపోయాడు. కదిరప్పకు తన పందుల బాధలో కూడా ముసలాయన మీద జాలేసింది.

జిల్లా ఆఫీసులో 'ఆయుధ సురక్షా ఈ-వేలం విభాగం' అని కొత్త బోర్డు వెలిగిపోతోంది. ప్రత్యేకాధికారి విశ్వమోహన్‌గారు చల్లని గదిలో ఉన్నారు. మంచి మనిషే, కసురుకోడు. కానీ ఆయన మాటలు నోట్లోంచి కాకుండా ఏదో సర్క్యులర్‌లోంచి వస్తున్నట్టుంటాయి.

"చూడండి కదిరప్పగారూ. అంగడి అన్నప్పుడు అమ్మేవాడు కొనేవాణ్ణి చూస్తాడు. చూసినప్పుడు అభిప్రాయం ఏర్పడుతుంది. అభిప్రాయం ఏర్పడినచోట పక్షపాతానికి ఆస్కారం ఉంటుంది. తద్వారా భద్రతకు విఘాతం కలుగుతుంది. ఆన్‌లైన్ వేలంలో ఎవరూ ఎవరినీ చూడరు. సదరు పద్ధతి సంపూర్ణ సురక్షితం."

"బాగుంది సార్. నా తుపాకి నాకిస్తే పోతాను."

"పోటీ లేకుండా ఒక వ్యక్తికి నేరుగా వస్తువు అప్పగిస్తే దాన్ని నామినేషన్ పద్ధతి అంటారు. ఆడిట్‌వారు ఊరుకోరు."

"అది నాదే గదా సార్. మా నాయనది."

విశ్వమోహన్‌గారు జాలిగా నవ్వారు. "'నాది' అనే భావనే పక్షపాతానికి మూలం కదండీ. మీరు వేలంలో పాల్గొనండి. మీకు ఎటువంటి ఆటంకమూ లేదు."

తన తుపాకిని తానే పాడుకోవాలన్నమాట. కదిరప్ప మిగిలిన రూల్సు కూడా విన్నాడు. కనీసం ముగ్గురు పాడాలి, లేకపోతే వేలం రద్దు. గడువు ముగిసే చివరి ఐదు నిమిషాల్లో ఎవరైనా పాడితే గడువు మరో ఐదు నిమిషాలు పెరుగుతుంది. రైతన్నల సౌకర్యార్థం వేలం రోజూ సాయంత్రం ఆరు నుంచి మర్నాడు ఉదయం ఆరు దాకా నడుస్తుంది, తెల్లారితే ఆగి, సాయంత్రం ఆగినచోటి నుంచే మొదలవుతుంది. అప్పటికీ తేలకపోతే ఆ మర్నాడు కూడా అంతే. ఎక్కువ పాడినవాడు డబ్బు కట్టకపోతే లైసెన్సు రద్దు, పొలం జప్తు. తుపాకుల బొమ్మలు ఇంటర్నెట్‌లో చూపడం ప్రమాదకరం కనుక, ఏ తుపాకి ఏ గుడ్డలో చుట్టి వచ్చిందో ఆ మూటకే ఫొటో తీసి పెట్టారు.

"అంటే తుపాకి కనపడదా సార్?"

"కనపడదు. కనపడని తుపాకి వల్ల ఎన్నడైనా ప్రమాదం జరిగిందా?"

కదిరప్ప ఆలోచించాడు. జరగలేదనే ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఇంటికి వచ్చి అంజినమ్మ ఫోనులో ఆ పోర్టల్ తెరిచారు. వరుసగా మూటలు. గోనెసంచి మూట, దుప్పటి మూట, యూరియా సంచి మూట, తువ్వాలు మూట. అంజినమ్మ వేలితో పైకి తోస్తూ పోయి ఒకచోట ఆగిపోయింది. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూసింది. పదిహేడో నంబరు మూట కనకాంబరం రంగులో ఉంది, పచ్చంచు.

"ఇది నా చీర."

కదిరప్ప పందుల సంగతి ఎత్తాడు.

"పందుల మాట తర్వాత. మేకను ఎన్ని తిట్లు తిడితిని. ఆ యమ్మతో చవితి నాడు గూడా మాట్లాడకపోతిని."

ఆ తర్వాత ఆ ఇంట్లో కాసేపు ఏం జరిగిందో చెప్పడం మర్యాద కాదు. ఒకటి మాత్రం తేలింది. తుపాకి దొరికింది. ప్రభుత్వం దాచిన వస్తువును ఇల్లాలి చీర పట్టిచ్చింది.

ఇక ముగ్గురు కావాలి. లైసెన్సున్న వాళ్లే పాడాలి గనక, కదిరప్ప, ఆయన బావమరిది ముసలప్ప, పక్క చేను తిప్పేస్వామి. ముసలప్ప పేరుకే ముసలప్ప, వయసు ముప్పై అయిదు. అతనికీ తిప్పేస్వామికీ పోయిన ఏటి వినాయకుడి లడ్డు దగ్గర చెడింది. లడ్డు పాటలో ముసలప్ప పాట మీద వంద పెట్టి తిప్పేస్వామి లడ్డు ఎత్తుకుపోయాడు. ముసలప్ప ఆ లడ్డు ఊరేగింపుకు కూడా పోలేదు.

"నీ మాట మీద మేం ఉత్తుత్తికి ఒక్కసారి పాడి ఊరుకుంటాం," అన్నాడు తిప్పేస్వామి. "మూడు పేర్లు కావల్ల, అంతే గదా."

"అంతే. నేను కడపట ఒక నూరు పెట్టి తీసుకుంటా," అన్నాడు కదిరప్ప.

ఊళ్లో ఫోన్ సిగ్నలు తగిలేది ఒక్క చోటే. కదిరప్ప చేనుకూ తిప్పేస్వామి చేనుకూ మధ్య ఉన్న పెద్ద గుండు మీద. సాయంత్రం ముగ్గురూ ఫోన్లు పట్టుకుని గుండెక్కారు. వేలం పాట అన్న మాట ఊళ్లో పాకింది. గుట్టకిందపల్లికి తెలిసిన వేలం పాట ఒక్కటే, లడ్డు పాట. దానికి మైకు సెట్టు ఉంటుంది, పలకలు ఉంటాయి, పాడిన ప్రతిసారీ పలక మోగుతుంది. ఫోనులో చడీచప్పుడు లేకుండా పాడే పాట కూడా ఒకటుంటుందని వాళ్లు నమ్మలేదు. చవితి మైకు సెట్టు ఇంకా తిరిగి పోలేదు. ఎవరో దాన్ని బండిమీద తెచ్చేశారు. పలకలవాళ్లు వచ్చారు. మైకు పట్టేవాళ్లు కావాలంటే అంజినమ్మ లేచింది. పొదుపు సంఘం లీడరుగా ఆమెకు మైకు అలవాటే.

పాడే ముందు ప్రతివాడూ ఫోనులో ఒక ప్రమాణం ఒప్పుకోవాలి. 'ఈ ఆయుధాన్ని నేను ఎన్నడూ చూడలేదని, తాకలేదని, దానిని వాడే ఉద్దేశం నాకు లేదని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను.' కదిరప్ప చిన్నప్పటినుంచి నూనె పూసి తుడిచిన తుపాకి అది. తండ్రి భుజాన్ని తలుచుకుని, దేవుడికో దణ్ణం పెట్టుకుని, వేలితో నొక్కాడు.

రెండు వేలతో మొదలైంది. తిప్పేస్వామి చెప్పినట్టే ఒక నూరు పెంచాడు. ముసలప్ప ఒక నూరు పెంచాడు. పలక మోగింది. కదిరప్ప నూరు పెట్టి గుండు దిగబోతున్నాడు. అప్పుడు అంజినమ్మ అలవాటు కొద్దీ మైకులో అంది.

"రెండువేల మూడునూర్లు, ఒకటోసారి. తిప్పేసామన్న గమ్మునుండాడు. లడ్డప్పుడు ఉన్నంత ఊపు ఈపొద్దు లేనట్లుంది."

తిప్పేస్వామి మెడ నిటారుగా అయింది. అయిదు వందలు పెంచాడు. ముసలప్పకు పోయినేటి లడ్డు కళ్లముందు కనబడింది. వెయ్యి పెంచాడు. "ఒరే, ఉత్తుత్తి పాటరా" అని కదిరప్ప చొక్కా పట్టి లాగుతున్నాడు గానీ, పలక ఆగితేగా. గడువు ముగియబోయిన ప్రతిసారీ ఎవడో ఒకడు పాడాడు, ప్రతిసారీ ఐదు నిమిషాలు పెరిగింది. తెల్లారేసరికి పాట నలభైవేలు దాటింది. ఆ డబ్బుకు అలాంటి తుపాకులు పదొస్తాయి.

కదిరప్ప గుండుమీదే తల పట్టుకుని కూలబడ్డాడు. చుట్టూ జనం ఆవలిస్తూ ఇళ్లకు పోతున్నారు. అంజినమ్మ మైకు కట్టేసి చేనులోకి దిగి, తూర్పు సాళ్లదాకా నడిచి, తిరిగొచ్చింది.

"ఇదో, ఒకసారి లేచి చూడు."

"ఏం చూడల్ల. చేను పందులకు, ఇల్లు సర్కారుకు."

"చేన్లో ఒక్క గిట్ట గుర్తు లేదు. తిప్పేసామన్న చేన్లో గూడా లేదు. రాత్రంతా మైకు, పలకలు, ఇన్ని గొంతులు. పందులు గుట్ట దిగలేదు."

కదిరప్ప లేచి చూశాడు. నిజమే. మొదటిసారి పందులు సాళ్లు తొక్కకుండా తెల్లారింది.

అంజినమ్మ తమ్ముణ్ణీ తిప్పేస్వామినీ పిలిచి గుండుకింద కూర్చోబెట్టింది. "ఇనండి. పాట అయిపోతే తుపాకి వస్తాది. ఎప్పుడొస్తాదో, ఎట్లొస్తాదో దేవునికి తెలుసు. పాట అయిపోకుంటే పందులు రావు. కాయ పీకేదాకా ఈ పాట తెగకూడదు."

"పైకి పోతాది గదా అక్కా," అన్నాడు ముసలప్ప.

"కడాన ఎవరికి తగులుకుంటాదో చూసుకుందాం. ముందు కాయ ఇల్లు చేరనీ."

అప్పటినుంచి గుట్టకిందపల్లి వ్యవసాయం ఆన్‌లైన్‌లో సాగింది. రోజూ పొద్దుగూకేసరికి గుండు కింద జనం చేరేవాళ్లు. వంతులు వేసుకున్నారు, వంటలు చేసుకున్నారు. రెండో వారానికి బొరుగుల అంగడి వెలిసింది. ఆ మేక యజమానురాలు కూడా వచ్చి అంజినమ్మ పక్కన కూర్చుంది. అంజినమ్మ మైకులోనే క్షమాపణ చెప్పింది, మేకకు కూడా. పాట మాత్రం అనుకున్నట్టు వందల మీద నిలవలేదు. తిప్పేస్వామీ ముసలప్పా పగలంతా అన్నదమ్ముల్లా ఒప్పందం చేసుకునేవాళ్లు, సాయంత్రం పలక మోగగానే మరిచిపోయేవాళ్లు. ఒకనాడు ముసలప్ప ఉన్నట్టుండి లక్ష పెంచాడు. అడిగితే, తిప్పేస్వామి మీసం మీద చెయ్యి వేశాడన్నాడు.

పట్నంలో విశ్వమోహన్‌గారికి ఆనందంతో నిద్ర లేదు. పత్రికలకు ప్రకటన ఇచ్చారు. "ఒంటిగొట్టం తుపాకికి పన్నెండు లక్షల పైబడిన పాట రావడం ఈ-వేలంపై ప్రజల అచంచల విశ్వాసానికి తార్కాణం. సదరు వేలం ప్రారంభమైన నాటినుంచి జిల్లాలో తుపాకీ ప్రమాదం ఒక్కటీ సంభవించలేదు." ఇది అక్షరాలా నిజం. ఒక్క తుపాకి కూడా ఎవరి చేతికీ రాలేదు మరి. వేరే జిల్లాల నుంచి అధికారులు అధ్యయనానికి వచ్చారు. సీలు వేసిన సాయిబు అంగడి ముందు నిలబడి ఫొటోలు దిగారు. సాయిబు వాళ్లకు కూడా టీ చెప్పాడు. ఎవరితోనన్నా తగాదా ఉందా అని అడిగితే, పక్క శాఖతో ఉందని ఒకాయన చెప్పాడట.

కాయ ముదిరింది. ఊరంతా కలిసి చెట్లు పీకారు, కుప్పలేశారు, కాయ కొట్టారు, మూటలు కట్టారు. కదిరప్ప ఇంట్లో నడవ నిండా మూటలు. ఇన్నేళ్లలో ఇంత పంట ఎప్పుడూ ఇల్లు చేరలేదు. ఆయన ఆ మూటల మధ్య నిలబడి చాలాసేపు ఊరికే వాసన చూశాడు. ఆ సంతోషం సాయంత్రం దాకా నిలిచింది. సాయంత్రం గుండెక్కితే, పాట ఇరవై నాలుగు లక్షల తొంభై వేల దగ్గర ఉంది.

ఇప్పుడు పాట ఆపాలి. ఆపితే చివర ఎవరి పేరుంటే వాడు కట్టాలి. ఆ సమయానికి పేరు తిప్పేస్వామిది. తిప్పేస్వామి మొహం సున్నం కొట్టినట్టయింది. మీసం కిందికి వాలింది. అతనికి ఇద్దరు చదువుకునే పిల్లలు. ముసలప్ప తల వంచుకుని గుండుమీద గోరుతో గీస్తున్నాడు. పాడే ధైర్యం అతనికి లేదు, తిప్పేస్వామిని ఆ స్థితిలో చూసే ధైర్యమూ లేదు.

కదిరప్ప ఫోను తీసుకున్నాడు. "తుపాకి మా నాయనది. మీరు నా మాట మీద వచ్చినారు. కడాటి పాట నా పేరుమీదే ఉండనీ." నూరు రూపాయలు పెంచి నొక్కాడు. ఆ పొలం తండ్రి ఇచ్చింది, తాత ఇచ్చింది. పందుల నుంచి కాపాడిన చేను జప్తుకు పోతుందని తలుచుకుంటే ఆయనకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. అంజినమ్మ ఆయన పక్కకు వచ్చి నిలబడింది. పలకలవాళ్లు పలకలు కింద పెట్టారు.

ఆ నిశ్శబ్దంలో కదిరప్ప ఫోను మోగింది.

"కదిరప్పగారేనా? నేను విశ్వమోహన్‌ని మాట్లాడుతున్నాను. పాట ఎందుకు మందగించిందండీ?"

"అయిపోయినట్లే సార్. మా కాడ ఇంగ లేదు."

"అట్లా అనకండి. పాతిక లక్షల మైలురాయికి కూతవేటు దూరంలో ఉన్నాం. రేపు పై అధికారుల సమక్షంలో సన్మాన కార్యక్రమం. 'పాతిక లక్షల జిల్లా' అని ఫ్లెక్సీలు వేయించడం కూడా జరిగింది. దయచేసి పోటీదారులను ప్రోత్సహించండి."

"ఎవరూ లేరు సార్. మీరే పాడుకోండి," అన్నాడు కదిరప్ప. విసుగులో వచ్చిన మాట అది.

అంజినమ్మ ఆ మాట విన్నది. మొగుడి చేతిలోంచి ఫోను తీసుకుని, దాన్ని మైకు పక్కన ఆనించి పెట్టింది. పలకలవాళ్ల వైపు చూసి తల ఊపింది. పలకలు లేచాయి.

"గుట్టకిందపల్లి కదిరప్ప పాట, ఇరవై నాలుగు లచ్చల తొంభైవేల నూరు. ఒకటోసారి." పలక మోగింది. "పట్నంలో ఉండేవాళ్లు గూడా పాడొచ్చు. ఫోన్లో ఒక పెద్దసారు ఉండారు. సారుకు ఫ్లెక్సీలుండాయంట, పాట మాత్రం లేదంట. పల్లెటూరోళ్లు ఇంతదాకా తెచ్చిరి, పట్నమోళ్లు తొమ్మిదివేల తొమ్మిదినూర్లకు ఎనక్కి పోతాండారు." పలక మోగింది. "రెండోసారి."

ఫోనులోంచి ఊపిరి వినబడింది. విశ్వమోహన్‌గారు పెద్ద చదువులు చదివారు, సర్క్యులర్ల భాషలో కలలు కంటారు, నిజమే. కానీ ఆయనా తెలుగువాడే. ఆయన కాలనీలోనూ ఏటా వినాయకుణ్ణి నిలబెడతారు, ఏటా లడ్డు పాట జరుగుతుంది, ఏటా రెండోసారి అన్న మాట దగ్గర పక్క ఫ్లాటాయన వచ్చి ఎత్తుకుపోతాడు. ఆ పలక చప్పుడు ఆయన చెవిలో ఏం చేసిందో ఆయనకే తెలియాలి.

"ఒక్క నిమిషం ఉండండమ్మా. తొందరపడకండి. ఇదిగో, ఇదిగో, పెడుతున్నాను," అన్నారు. ఆ మాటల్లో ఒక్క 'సదరు' కూడా లేదు.

ఫోను తెర వెలిగింది. ఇరవై అయిదు లక్షలు. పాడినవారి పేరు చోట 'ప్రత్యేకాధికారి' అని ఉంది.

ముసలప్ప చెయ్యి తనంతట తానే ఫోను మీదికి పోయింది. తిప్పేస్వామి ఆ చేతిని పట్టుకుని తన తొడకింద పెట్టుకుని దానిమీద కూర్చున్నాడు. లడ్డు తగాదా వాళ్లిద్దరి మధ్య ఆ క్షణాన తీరిపోయింది. ఐదు నిమిషాలు ఊరంతా గుక్క తిప్పుకోలేదు. గుట్టమీద ఎక్కడో ఒక పంది గుర్రుమంది. ఇన్నాళ్లకు దానికి సందు దొరికింది, కానీ చేన్లో ఇక కాయ లేదు.

"మూడోసారి," అంది అంజినమ్మ, మైకు లేకుండానే.

మర్నాడు సన్మానం ఘనంగా జరిగింది. పాతిక లక్షల ఫ్లెక్సీ కింద విశ్వమోహన్‌గారికి శాలువా కప్పారు. సభ ముగిసేలోపే ఆయన ఫోనుకు నోటీసు వచ్చింది. డబ్బు కట్టాలి, లేకుంటే ఆస్తి జప్తు. ఆ నోటీసు దానంతట అదే పోయేలా ఏర్పాటు చేసింది ఆయనే. కంప్యూటరుకు మొహమాటం లేదు. పైగా ఆయనకు లైసెన్సు లేదు. లైసెన్సు లేనివాడు ఎట్లా పాడాడని పైవాళ్లు అడగకముందే, ఆయనే ఉత్తర్వు రాసుకున్నారు. 'సాంకేతిక లోపం కారణంగా సదరు పదిహేడో నంబరు వేలం ఆసాంతం రద్దు చేయడమైనది. రద్దయిన వేలంలోని వస్తువును యథాపూర్వ స్థితికి పంపవలెను.' శాలువాను యథాపూర్వ స్థితికి పంపాలని ఏ రూల్లోనూ లేదు గనక అది ఆయన దగ్గరే ఉండిపోయింది.

యథాపూర్వ స్థితి అంటే సాయిబు అంగడి. సీలు తీశారు. కదిరప్పా అంజినమ్మా మొదటి బస్సుకే వచ్చారు. సాయిబు బెంచీ తుడిచి, టీ తెప్పించి, మూటను ఎదురుగా బల్లమీద పెట్టాడు. ఇంట్లో అందరూ బాగున్నారా అన్నాడు. వానల సంగతి అడిగాడు. ఇన్ని నెలల తర్వాత అడుగుతున్నాడు గనక ప్రతిమాటా రుచి చూస్తున్నట్టు అడిగాడు. గ్లాసులు ఖాళీ అయ్యాయి.

"ఎవరితోనన్నా తగాదా ఉందా?"

"ఎవరితోనూ లేదు సాయిబూ," అన్నాడు కదిరప్ప. చూపు పక్కకు తిప్పలేదు. "పందులతో గూడా లేదు."

"అయితే తీసుకుపో." సాయిబు మూట ముందుకు తోశాడు.

కదిరప్ప మూట మీద ఒకసారి చెయ్యి ఆనించి, మళ్లీ వెనక్కి తోశాడు. "నీ కాడే ఉండనీ. మా నాయన తుపాకి, నీ కాడుంటే నాకు దిగుల్లేదు. ఒక్క పని చెయ్యి. వచ్చే ఏడు కాయ ఊరే యాళకు దీన్ని మళ్లా యేలానికి పెట్టిస్తావా?"

సాయిబు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "నేను తుపాకులమ్మేవాణ్ణి కదిరప్పా. నీకేమో చప్పుడు కావల్ల."

"ఇన్నేండ్లూ అదీ చప్పుడే గదా సాయిబూ."

అంజినమ్మకు ఈ మాటలు పట్టలేదు. ఆమె లేచి మూట ముడి విప్పి, తుపాకిని సాయిబు తువ్వాలులో పడుకోబెట్టి, చీరను దులిపింది. కనకాంబరం రంగు కాస్త వెలిసింది. పచ్చంచు మీద నూనె మరక పడింది. ఆ మరకను గోటితో గీకి చూసి, పోదని తెలుసుకుని, మడత పెట్టి చంకలో పెట్టుకుంది.

తిరుగుబస్సులో పక్కన కూర్చున్న ఆవిడ ఆ చీర అంచు పట్టి చూసి, బాగుంది, ఎంత పడింది అని అడిగింది.

"పాతిక లచ్చలు," అంది అంజినమ్మ. "గవర్మెంటోళ్లు పాడినారు. మేం ఇయ్యలేదు."